లెక్కలు అరువు తెచ్చుకొనవచ్చునా?

ఆఫ్రికా ఖండపు దక్షిణ భాగమున జాంబియా అను దేశము కలదు. రాగి గనులకు అది ప్రసిద్ధి. నార్వే దేశీయుడగు ఆర్థిక చరిత్రకారుడు మోర్టెన్ యెర్వెన్ 2010లో ఆ దేశ రాజధానియగు లుసాకాకు మరల పోయి, కేంద్ర గణాంక కార్యాలయములో జాతీయాదాయపు లెక్కలు కట్టు శాఖను చూచెను. ఆ శాఖ యావత్తు ఒక్క మనిషి. కొంతకాలము ముందువరకు ఆయనకొక సహోద్యోగి యుండెను. జనాభా లెక్కల పని వచ్చిపడుటచే అతనిని అక్కడికి మార్చివేసిరి. దేశము ఏటా ఎంత పండించినది, ఎంత త్రవ్వినది, ఎంత అమ్మినది, ఇదంతయు కూడి ఒక అంకెగా తేల్చవలసినవాడు ఆ ఒక్కడే. ఆ అంకె ప్రపంచ బ్యాంకు పట్టికలలో చేరును. అచ్చటనుండి పత్రికలకు, పాఠ్యగ్రంథములకు, చివరకు మన తరగతి గదిలోని నల్లబల్ల మీదికి వచ్చును.

ఈ సంగతి యెర్వెన్ రచించిన ‘పూర్ నంబర్స్’ అను గ్రంథారంభమున ఉన్నది. దానిని 2013లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయ ముద్రణాలయము ప్రచురించెను. పేరును ‘బీద అంకెలు’ అని తెనిగింపవచ్చును గాని, మూలములోని మాటకు నాసిరకము అను అర్థము కూడ ఉన్నది. రచయిత ఆ రెండర్థములను ఉద్దేశించియే పెట్టినట్లు తోచుచున్నది. పెద్ద గ్రంథము కాదు. గణిత సూత్రములు దాదాపు లేవు. ఉన్నత పాఠశాలలో గణితమో సాంఘిక శాస్త్రమో బోధించు ఉపాధ్యాయుడు వారము రోజులలో చదువగలడు. వెలువడి పుష్కరకాలమైనను అది లేవనెత్తిన ప్రశ్న పాతబడలేదు. 2025లో జరిగిన ఒక సంఘటన దానిని మరింత తీవ్రము చేసినది. ఆ సంఘటనను తరువాత చెప్పెదను.

మనము తలసరి ఆదాయముల పట్టికను బల్లమీద వ్రాసి, ఏ దేశము ముందున్నది, ఏది వెనుకబడినది అని పిల్లలను అడుగుదుము. ఆ అంకెను ఎవరు, ఏ సమాచారముతో, ఎట్లు కట్టిరి అని అడుగుట అరుదు. యెర్వెన్ అడిగినది ఇదే. ఆయన గణాంక కార్యాలయములకు స్వయముగా పోయి, ఫైళ్ళు చూచి, గుమాస్తాలతో మాట్లాడి తెలిసికొన్నాడు. గ్రంథమునకు బలము అందులోనే ఉన్నది.

ఆయన చూపిన ఉదాహరణములలో ముఖ్యమైనది ఘనా దేశపుది. 2010 నవంబరులో ఘనా గణాంక కార్యాలయము ఒక ప్రకటన చేసెను: తమ దేశపు స్థూల ఉత్పత్తి ఇంతవరకు అనుకొన్నదానికంటె సుమారు 60 శాతము ఎక్కువ. నాటివరకు బీద దేశముల వరుసలో నుండిన ఘనా ఆ ప్రకటనతో మధ్యాదాయ దేశముల క్రింది మెట్టుకు ఎక్కెను. ప్రజల కంచములలో అన్నము మాత్రము ముందురోజు ఎంతయో ఆనాడును అంతే.

ఇది ఎట్లు జరిగెను? ఒక ఊరిని ఊహింపుడు. 1993లో ఆ ఊరి అంగళ్ళను ఒకరు పట్టిక వేసిరి. కిరాణా అంగడి ఇంత, బట్టల అంగడి ఇంత, కుమ్మరి ఆవము ఇంత అని ఒక్కొక్కదాని వ్యాపారమును లెక్కించిరి. తరువాత ప్రతి సంవత్సరము క్రొత్తగా లెక్కింపక, కిరాణా వ్యాపారము నూటికి నాలుగు పెరిగినది, బట్టల వ్యాపారము నూటికి రెండు పెరిగినది అని పాత పట్టికనే హెచ్చించుచు వచ్చిరి. పదిహేనేండ్లు గడచినవి. ఊరిలో సెల్‌ఫోన్లు బాగుచేయు అంగళ్ళు వచ్చినవి, ఆటోలు వచ్చినవి, ప్రైవేటు వైద్యశాల వచ్చినది. ఇవేవియు పట్టికలో లేవు. పట్టికలో లేనిదానిని ఎంత శాతముతో హెచ్చించినను శూన్యమే వచ్చును. పట్టిక వేసిన ఆ మొదటి యేటిని ఆధార సంవత్సరమందురు. ఘనా తన ఆధార సంవత్సరమును 1993 నుండి 2006కు మార్చగానే అంతవరకు లెక్కకు రాని వ్యాపారమంతయు ఒక్కసారిగా లెక్కలోనికి వచ్చెను. నైజీరియా 2014 ఏప్రిలులో ఇదే పని చేసెను. అచ్చట ఆధార సంవత్సరము 1990 నుండి 2010కి మారెను. 2013వ సంవత్సరపు ఉత్పత్తి 89 శాతము పెరిగినట్లు తేలెను. టెలిఫోనులు, చలనచిత్ర పరిశ్రమ పాత లెక్కలో సరిగా లేవు. నైజీరియా కాగితముపై దక్షిణాఫ్రికాను మించి ఖండములో మొదటిస్థానమునకు వచ్చెను.

ఆధార సంవత్సరమును అయిదేండ్లకొకసారి మార్చుకొనుట మంచిదని అంతర్జాతీయ సంస్థలు ఎప్పటినుండియో చెప్పుచున్నవి. చెప్పుట సులభము. అందుకు అంగళ్ళ గణన, గృహవ్యయ పరిశీలన, వాటిని కూర్చగల పదిమంది నిపుణులు కావలెను. లుసాకాలో ఉన్నది ఒక్కడు.

ఈ దుస్థితికి కారణముగా యెర్వెన్ 1980 దశకమును చూపుచున్నాడు. అప్పులలో మునిగిన ఆఫ్రికా ప్రభుత్వములు ప్రపంచ బ్యాంకు, అంతర్జాతీయ ద్రవ్యనిధి చెప్పినట్లు ఖర్చులు తగ్గించుకొనవలసి వచ్చెను. గణాంక కార్యాలయమునకు కోత పెట్టినచో వీధిలో ఎవరును గోల చేయరు గదా! తరువాత ఆ సంస్థలే, ఇతర దాతలును, తమకు కావలసిన అంకెలకొరకు ప్రత్యేక పరిశీలనలకు ధనమిచ్చుచు వచ్చిరి. దాత ఇచ్చు దినభత్యము గుమాస్తాకు నెలజీతముకంటె ఆకర్షణీయము. అందుచే కార్యాలయములోని ఉత్తములు ఆ పరిశీలనలకు పోయి, జాతీయాదాయము వంటి నిత్యకృత్యము మూలబడెను. ఈ వాదమును నేను పూర్తిగా అంగీకరించుచున్నాను. దానిని బలపరచు సాక్ష్యము వేరొకచోట కూడ కనబడుచున్నది. కెన్యాలో 2003లో ప్రాథమిక విద్యకు రుసుము తీసివేసి, పిల్లల సంఖ్యనుబట్టి పాఠశాలలకు ధనమిచ్చుట ఆరంభించిరి. ఆపై పాఠశాలలు పంపు లెక్కలలో చేరికలు బాగుగా పెరిగినవి. ఇంటింటికి పోయి విచారించిన పరిశీలనలలో అంత పెరుగుదల కానరాలేదు. శాండెఫర్, గ్లాస్‌మన్ అను ఇద్దరు పరిశోధకులు 2015లో దీనిని ప్రచురించిరి. హాజరుపట్టీ వ్రాయు ఉపాధ్యాయులకు ఇందులోని కిటుకు వేరుగా వివరింపనక్కరలేదు.

గ్రంథమునకు వచ్చిన ఎదురుదాడిని గూర్చి ఒక మాట. దక్షిణాఫ్రికా ప్రధాన గణాంకాధికారిగా నుండిన పాలి లెహోహ్లా దీనిని తీవ్రముగా ఖండించెను. జాంబియా అధికారులకును కోపము వచ్చెను. 2013 సెప్టెంబరులో అడిస్ అబాబాలోని ఐక్యరాజ్యసమితి ఆఫ్రికా ఆర్థిక సంఘమున యెర్వెన్ చేయవలసిన ఉపన్యాసము వారి అభ్యంతరములవలన రద్దయ్యెను. ఉపన్యాసమును ఆపుట తప్పు. అంకెలను గూర్చిన తగవు అంకెలతోనే తీరవలెను. కాని వారి కోపములో న్యాయము లేకపోలేదు. బయటినుండి వచ్చినవాడు ఒక గది తలుపు తీసి, లోపల ఒక్కడే యున్నాడని లోకమునకు చాటుట ఆ ఒక్కనికి ఎట్లుండునో మనము ఊహింపగలము. జాంబియాయే 2014లో తన ఆధార సంవత్సరమును 2010కి మార్చుకొనెననియు ఇచ్చట చెప్పవలెను. అందువలన దాని ఉత్పత్తి సుమారు 25 శాతము హెచ్చుగా తేలెను.

ఇక నా అభ్యంతరము వేరు. యెర్వెన్ రోగమును చక్కగా వర్ణించెను. మందు దగ్గరకు వచ్చుసరికి, దాతలు విడివిడి పరిశీలనలకు బదులు దేశీయ కార్యాలయములను బలపరచవలెనని చెప్పి ముగించెను. నిజమే. అయితే ఎట్లు? బీద దేశమొకటి పరుల సాయముతో తన లెక్కలు తాను కట్టుకొన నేర్చిన సందర్భములు చరిత్రలో ఉన్నవి. వాటికి ఈ గ్రంథములో దక్కిన చోటు అత్యల్పము. అందులో ఒకటి మన దేశముదే.

1949లో భారత ప్రభుత్వము జాతీయాదాయ సంఘమును నియమించెను. ప్రశాంతచంద్ర మహలనోబిస్ అధ్యక్షుడు, డి. ఆర్. గాడ్గిల్, వి. కె. ఆర్. వి. రావు సభ్యులు. సలహాదారులుగా విదేశములనుండి ముగ్గురు వచ్చిరి: అమెరికానుండి సైమన్ కుజ్‌నెట్స్, ఇంగ్లండునుండి రిచర్డ్ స్టోన్, ఐక్యరాజ్యసమితినుండి డెర్క్‌సెన్. కుజ్‌నెట్స్, స్టోన్ ఇద్దరును తరువాత నోబెల్ బహుమానము పొందినవారు. జాతీయాదాయ గణనములో అప్పటికి లోకములో వారిని మించినవారు లేరు. కాని లెక్కలు కట్టినది వారు కాదు. ఆర్థిక మంత్రిత్వశాఖలో ఇందుకై ఏర్పడిన శాఖలోని భారతీయోద్యోగులు కట్టిరి. సలహాదారులు పద్ధతిని పరీక్షించి, లోపములు చూపి, తిరిగి పోయిరి. వారు పోయిన పిమ్మట శాఖ మిగిలెను. సమాచారము చాలనిచోట క్రొత్త సమాచారము సేకరించుటకు 1950లో జాతీయ నమూనా పరిశీలన ఆరంభమయ్యెను.

ఇంతకుమించిన ఉదాహరణము పంటల లెక్కలలో ఉన్నది. దానిని కొంచెము విపులముగా చెప్పెదను. తరగతిలో చేసి చూపదగినది కూడ.

పూర్వము మన గ్రామములలో పంట ఎంతయని ఎవరు చెప్పెడివారు? కరణము. పొలము గట్టున నిలిచి చూచి, పూర్తి పంట పదహారణాలైనచో ఈ యేడు పది అణాల పంట, పండ్రెండణాల పంట అని అంచనా కట్టెడివారు. పదహారణాల అను మాట ఇప్పటికిని మన నోట నిలిచియున్నది. ఈ కంటిచూపు అంచనాలో అనుభవమున్నది, కాని దోషము కూడ ఉన్నది. పంట తక్కువని వ్రాసినచో శిస్తు తగ్గవచ్చును గనుక అంచనా క్రిందికి జారుట సహజము. దీనికి బదులుగా వచ్చినది పంటకోత ప్రయోగము. చీట్లు వేసినట్లు యాదృచ్ఛికముగా కొన్ని గ్రామములను, వాటిలో కొన్ని పొలములను, పొలములో ఒక చిన్న మడిని ఎన్నుకొని, ఆ మడిలోని పంటను కోసి, నూర్చి, తూచి, దానినిబట్టి జిల్లా పంటను లెక్కించుట ఈ పద్ధతి.

ఆ మడి ఎంత ఉండవలెను? ఇచ్చట ఇద్దరు మహానుభావులకు వివాదము పుట్టెను. కలకత్తాలోని భారతీయ గణాంక సంస్థను నడుపు మహలనోబిస్ చిన్న చిన్న వృత్తములు చాలునని, వాటిని ప్రత్యేకముగా శిక్షణ పొందినవారు కోయవలెనని వాదించెను. ఢిల్లీలోని వ్యవసాయ పరిశోధన మండలిలో పనిచేయు పాండురంగ వాసుదేవ సుఖాత్మే, చిన్న మడులు పంటను ఉన్నదానికంటె ఎక్కువగా చూపునని 1946లో ‘నేచర్’ పత్రికలో వ్రాసెను. ఆయన మార్గములో పెద్ద మడులను గ్రామములలో ముందే యున్న రెవిన్యూ, వ్యవసాయ ఉద్యోగులు కోయుదురు.

చిన్న మడి ఎందుకు ఎక్కువ చూపును? గిరిగీసిన రేఖపై నిలిచిన మొక్క లోపలిదా, బయటిదా అన్న సందేహము వచ్చినపుడు కోయువాని చేయి దానిని లోపలికే లాగును. ఈ తప్పు రేఖ వెంబడి జరుగును. 2 అడుగుల వ్యాసార్ధము గల వృత్తమును తీసికొనుడు. దాని చుట్టుకొలత సుమారు 12.57 అడుగులు, వైశాల్యము 12.57 చదరపు అడుగులు. అనగా ఒక్కొక్క చదరపు అడుగునకు ఒక అడుగు రేఖ. 33 అడుగుల భుజము గల చతురస్రమును తీసికొనుడు. చుట్టుకొలత 132 అడుగులు, వైశాల్యము 1089 చదరపు అడుగులు; చదరపు అడుగునకు అడుగులో ఎనిమిదవ వంతు రేఖ. ఇపుడు కోయువాడు చుట్టును ఒక్క అంగుళము అధికముగా కోసెననుకొందము. వృత్తములో పంట సుమారు 8.5 శాతము ఎక్కువ తేలును. చతురస్రములో 1 శాతము మాత్రమే. ఎన్నివేల వృత్తములు కోసినను ఈ తప్పు పోదు. ప్రయోగముల సంఖ్య పెంచినచో యాదృచ్ఛిక దోషము తగ్గును గాని, ఒకే వైపు లాగు దోషము తగ్గదు. పాఠశాల తోటలో త్రాడు, మేకు తీసికొని విద్యార్థులు దీనిని స్వయముగా పరీక్షింపవచ్చును.

ఈ వివాదములో ఎవరు గెలిచిరన్నది మన ప్రస్తుతాంశము కాదు. అది ఇంటిలో జరిగిన వివాదము. రెండు దేశీయ సంస్థలు, రెండు పద్ధతులు, పొలములో ప్రయోగము, పత్రికలలో ప్రచురణ. అంకె తప్పైనచో తప్పని చెప్పగలవాడు దేశములోనే యుండెను. తరువాత వీరిద్దరును లోకమునకు గురువులైరి. మహలనోబిస్ ఐక్యరాజ్యసమితి నమూనా పద్ధతుల ఉపసంఘమునకు అధ్యక్షత వహించెను. సుఖాత్మే 1950 దశకారంభమున రోముకు పోయి, ఆహార వ్యవసాయ సంస్థలో గణాంక విభాగమును రెండు దశాబ్దముల వరకు నడిపెను.

అట్టి తగవు ఇంటిలో లేనిచోట ఏమగునో మలావీ దేశమునందు చూడవచ్చును. 2006-07లో అచ్చట ఎరువుల రాయితీ పథకము ఘనవిజయము పొందినదని, మొక్కజొన్న సుమారు 34 లక్షల టన్నులు పండినదని వ్యవసాయ మంత్రిత్వశాఖ చెప్పెను. ఆ యేటి జాతీయ వ్యవసాయ గణనలో తేలినది సుమారు 21 లక్షల టన్నులు. మొదటి అంకెను నమ్మి జింబాబ్వేకు మొక్కజొన్న ఎగుమతి చేసిరి. కొన్ని నెలలలోనే ఇంటిలో ధర విపరీతముగా పెరిగెను. మొక్కజొన్న అచ్చటివారికి మనకు బియ్యము వంటిది. అంకెలోని తప్పు వంటింటిలోనికి వచ్చుట అనగా ఇదే. ఈ వ్యవహారమును యెర్వెన్ వ్రాసిన తీరు మెచ్చదగినది.

కావున అంతర్జాతీయ సహకారమున రెండు తెగలున్నవని నా అభిప్రాయము. ఒకటి అంకెను కొనును. ఇంకొకటి లెక్కించువానిని తయారుచేయును. రెండవదానికి 1950లో కలకత్తాలో స్థాపించిన అంతర్జాతీయ గణాంక విద్యాకేంద్రము మంచి ఉదాహరణము. యునెస్కో ప్రాపకమున, భారత ప్రభుత్వ సాయముతో, భారతీయ గణాంక సంస్థయు అంతర్జాతీయ గణాంక సంస్థయు కలిసి దానిని నెలకొల్పినవి. ఆసియా, ఆఫ్రికా దేశముల గణాంకోద్యోగులు వచ్చి నెలల తరబడి నేర్చుకొని తమ కార్యాలయములకు మరలిపోవుదురు. ఆఫ్రికాలోనే 1961లో దార్-ఎస్-సలామ్‌లోను, 1969లో ఉగండాలోని మకెరెరె విశ్వవిద్యాలయములోను ఇట్టి శిక్షణాలయములు వెలసినవి. ‘పూర్ నంబర్స్’ చదువుచున్నంతసేపు ఈ పేర్లకొరకు నా కన్ను వెదకుచునే యుండెను.

అట్లని శిక్షణ యను మాటనే మంత్రముగా జపింపరాదు. 1978లో ఐక్యరాజ్యసమితి ఆఫ్రికాకై ప్రత్యేక గణాంక శిక్షణ కార్యక్రమము నారంభించెను. 1990 దశకపు తొలినాళ్ళలో ధనము చాలక అది నిలిచిపోయెను. నేర్చినవానికి ఇంటిలో జీతము లేనిచో వాడు అంతర్జాతీయ సంస్థలలోనే ఉద్యోగము చూచుకొనును. నేర్చినవారు కావలసినంతమంది యున్నను ప్రభుత్వమునకు శ్రద్ధ తగ్గవచ్చును. మన దేశమున 2021లో జరుగవలసిన జనాభా లెక్కలు మొదట కోవిడ్ మహమ్మారివలన నిలిచి, ఆపై వాయిదాలు పడినవి. 2027 మార్చి 1వ తేదీని ప్రమాణముగా తీసికొని జరుపుదుమని 2025 జూన్‌లో ప్రభుత్వము ప్రకటించెను. 1881 నుండి పదేండ్లకొకసారి తప్పక జరిగిన పని అది. ఇందుకు నిపుణుల కొరత కారణమని ఎవరును అనలేరు.

పైన చెప్పెదనన్న 2025వ సంవత్సరపు సంఘటనకు వచ్చెదను. 1984లో అమెరికా ప్రభుత్వపు అంతర్జాతీయాభివృద్ధి సంస్థ ధనముతో జనాభా ఆరోగ్య పరిశీలనల కార్యక్రమము మొదలయ్యెను. నలుబది యేండ్లలో సుమారు 90 దేశములందు 400కు పైగా పరిశీలనలకు అది తోడ్పడెను. వేయిమంది శిశువులు పుట్టినచో ఏడాదిలోపల ఎందరు చనిపోవుచున్నారు, ఎందరు పిల్లలకు టీకాలు పడినవి, ఎందరు తల్లులకు రక్తహీనత ఉన్నది అను అంకెలు అనేక దేశములకు దీనినుండియే వచ్చుచుండెను. జనన మరణముల నమోదు సరిగా లేని చోట్ల వేరు ఆధారము అరుదు. నేను అంకెను కొను తెగ అని పైన కొంత తేలికగా అన్నదానిలో ఇది అన్నిటికంటె శ్రేష్ఠమైనది. ప్రశ్నల పట్టికలు ఏకరీతిగా నుండెను, పద్ధతి నికరమైనది, ఫలితములు పరిశోధకులకు ఉచితముగా లభించెను. 2025 ఫిబ్రవరిలో అమెరికా విదేశ సహాయమును ఆపుటతో ఈ కార్యక్రమము నిలిచిపోయెను. జరుగుచున్న పరిశీలనలు నడిమధ్య ఆగినవి. కొన్నిటిని ముగించుటకు ఇతర దాతలు పిమ్మట తాత్కాలికముగా సాయము చేసిరి. 2015లో లోకమంతయు ఒప్పుకొన్న సుస్థిరాభివృద్ధి లక్ష్యములు 17. వాటిని కొలుచు సూచికలు 230కి పైగా ఉన్నవి. కొలబద్దను పట్టుకొన్న చేయి తొలగిపోయినది గాని, సూచికలలో ఒక్కటియు తగ్గలేదు.

ఈ కార్యక్రమమునకు చెందిన మన దేశపు శాఖయే జాతీయ కుటుంబ ఆరోగ్య పరిశీలన. 1992-93లో మొదటిసారి అమెరికా ధనముతో, అమెరికా నిపుణుల సాయముతో అది జరిగెను. పనిని బొంబాయిలోని అంతర్జాతీయ జనాభా విజ్ఞాన సంస్థ చూచెను. ఆంధ్రప్రదేశ్ నివేదికను ఆ సంస్థతో కలిసి విశాఖపట్నమున ఆంధ్ర విశ్వవిద్యాలయములోని జనాభా పరిశోధన కేంద్రము తయారుచేసెను. తరువాతి పరిశీలనలు 1998-99, 2005-06, 2015-16, 2019-21లలో జరిగినవి. ఆరవదానికి ఇంటింటి విచారణ 2023-24లో నడచెను. బొంబాయి సంస్థ ఈ పరిశీలనలన్నిటిలోను పనిచేసినది. మొదటినాడు ప్రశ్నల పట్టికను తెలుగులోనికి మార్చుట, పర్యవేక్షకులకు శిక్షణ ఇచ్చుట, వచ్చిన జవాబులలో పొంతన చూచుట పరులవద్ద నేర్చుకొన్న పనులు. నేడు వాటికొరకు వాషింగ్టనునుండి ఎవరును రానవసరము లేదు.